ఇస్త్రీ అక్క కుర్చీ దిగింది

ఆస్పత్రి లాండ్రీలోని ఆవిరి ఇస్త్రీ యంత్రం, దాన్ని నడిపే ఇస్త్రీ అక్క కుడిచేతిని కాల్చింది. కట్టు కట్టించుకుని వచ్చేసరికి సూపర్‌వైజర్ శిక్ష ఖాయం చేసి కూర్చున్నాడు.

"ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యకపోతే ఇంతే. పో, మురికిబట్టల గదిలో దుప్పట్లు ఏరుకో."

ఏం జరిగిందని ఒక్క మాట అడగలేదు. వేళ్లు లోపలికి పోకుండా ఆపే అడ్డుకడ్డీని, పని తెమలడం లేదని తీయించింది అతనే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పిల్లల చదువులు గుర్తొచ్చి నోరు కుట్టేసుకుంది.

నెత్తుటి దుప్పట్లు ఏరుతూ ఏళ్లు గడిపింది. జనం మాత్రం ఇంకా ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. పిలిచినప్పుడల్లా పాత మచ్చ చురుక్కుమనేది.

చివరికి అదే యంత్రం, దానిమీద పనికి చేరిన ఆమె తోడికోడలి చేతినీ కాల్చింది. ఈసారి కార్మికులు పని ఆపేశారు. యాజమాన్యానికి సూపర్‌వైజర్ మీద విచారణకు ముగ్గురిని వేయక తప్పలేదు. యాజమాన్యం మనిషి, బయటినుంచి ఒక లాయరమ్మ, కార్మికుల తరఫున ఇస్త్రీ అక్క.

"వాణ్ణేం చేస్తావక్కా?" అంది తోడికోడలు, కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"నన్నేం చేశాడో అదే. నోరు తెరవనివ్వను."

"ఇంట్లో బావగారినే తెరవనివ్వవు. వాడెంతలే."

విచారణ రోజు సూపర్‌వైజర్ వచ్చి నిలబడగానే ఆమె అంది, "నిన్ను అడిగేదేం లేదు. ఉద్యోగం పోయింది, వెళ్లు."

లాయరమ్మ ఆమెను వరండాలోకి లాక్కెళ్లింది. "వెళ్తాడు. మళ్లీ వస్తాడు కూడా. నన్ను అడగనే లేదు, పగబట్టిన మనిషే తీర్పు చెప్పింది అని కోర్టుకెక్కుతాడు. మన తీర్పు చిత్తుకాగితమే."

"అంటే నా కడుపుమంటకి విలువ లేదా?"

"సాక్షిగా చెప్తే ఉంది. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటే అది వాడికే పనికొస్తుంది."

సూపర్‌వైజర్ నవ్వుకుంటూ లాండ్రీ తలుపులోంచి మళ్లీ లోపలికి రావడం ఆమె కళ్లకు కట్టింది. వెళ్లి తన కుర్చీని బట్టలు ఆరబెట్టే పెద్దాయనకు అప్పగించింది.

"తీరిగ్గా అడుగు బాబాయ్. చెప్పుకోవడానికి వాడికి ఒక్క ముక్క మిగలకూడదు."

అడిగారు. అతను తనివితీరా చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆమె సాక్షిగా నిలబడి, మచ్చ చూపించి, కడ్డీ సంగతి చెప్పింది.

"నిజమేనా?" అన్నాడు పెద్దాయన.

"తీయించాను. ఆ ఒక్క కడ్డీ లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఏమవుతుందో ఈమె చెయ్యి కాలినప్పుడే చూశావుగా. మళ్లీ ఎందుకు పెట్టించలేదు?"

ముగ్గురూ కలిసి తీర్పు రాశారు. అతని ఉద్యోగం పోయింది. కోర్టుకెళ్లాడు గానీ, నన్ను అడగలేదు అనే మాట అక్కడ అనలేకపోయాడు. తిరిగి రాలేదు. యంత్రానికి కడ్డీ వచ్చింది, ఇస్త్రీ అక్క తన పాత చోటికి తిరిగొచ్చింది. అతన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని ఆమెను అడిగే హక్కు మనకెవరికీ లేదు.

మీరు పనిచేసే చోట రేపు ఎవరికైనా శిక్ష పడితే, లేచి నిలబడి అడగండి: వాళ్ల మాట విన్నారా? తీర్పు చెప్పినవాళ్లకు వాళ్లమీద పగేమైనా ఉందా? శిక్ష పడింది మీ పగవాడికైతే ఇంకా గట్టిగా అడగండి.