రెండు నిమిషాల శిక్ష

పోర్టు గేటు దగ్గర లారీ మమ్మల్ని దింపేసరికి మధ్యాహ్నం రెండు పది. డెబ్బైల చివర, మే నెల. పన్నెండు మందిమి. రైఫిలు, నీళ్ళ సీసా, భుజాన బెడ్డింగు. ఉక్కపోత, ఇనప ధూళి, చేపల కంపు. ఆర్డరు ఒకటే: ఆరు నెలలు మా మిలట్రీ సామాను దిగే షెడ్డు కాయాలి, బయటికెళ్ళే ప్రతి కూలీనీ సోదా చెయ్యాలి.

మీరంతా సరిహద్దు కథలడుగుతారు. నన్ను అసహ్యించుకున్నది శత్రువు కాదు, మనవాళ్ళే, ఆ కూలీలే. నాది తగరపువలస. వాళ్ళవీ చుట్టుపక్కల ఊళ్ళే.

"మా అన్నం గిన్నెలో ఏటి ఎతుకుతావు బావా, బాంబులా?" అని రోజూ నవ్వేవాడు భీమిలి వించి డ్రైవరు. ఓడలోంచి సరుకు పైకి లాగే యంత్రం అతనిది. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అతని క్యారేజీ నేలమీద బోర్లించాను. అతని జేబులో కాగితం దొరికింది. సోమవారం ఎనిమిదికి వించి నడిపే పరీక్ష. పాసైతే పర్మినెంటు.

"నలిపీకు. తొమ్మిదేళ్ళ బట్టి ఎదురు సూత్తన్నాను," అన్నాడు. ఆరోజు నవ్వలేదు.

గొడవలు ముదురుతున్నాయని మా కెప్టెన్ ఆదివారం హ్యాండ్‌బాల్ మ్యాచ్ పెట్టాడు. ఆ పేరు చెబితే కూలీలకు తెలిసింది ఫుట్‌బాల్‌లో బంతి చేతికి తగిలే తప్పే. "తప్పునే ఆటగా ఆడతారేటి మిలట్రీవోళ్ళు?" అని ఒకటే నవ్వు. గోడకేసి అరచేత్తో కొట్టే ఆటకీ అదే పేరని కెప్టెన్ చెప్పాడు. మాది అది కాదు, ఏడుగురికి ఏడుగురు. బంతితో మూడడుగులు, ఆపైన విసరడమే. వాళ్ళు వారంలో నేర్చేసుకున్నారు.

సాయంత్రం అయిదుకి ఆట మొదలు. సగం అయ్యేసరికి వాళ్ళు తొమ్మిది, మేం నాలుగు. ఆరు గోల్స్ వించి డ్రైవరువే. మా హవల్దారు, శ్రీకాకుళం మనిషి, నా చెవి దగ్గరికొచ్చాడు.

"ఆడి కుడిసెయ్యి మరి లెగకూడదు."

"రేపు ఆడికి పరీచ్చ, సాబ్."

"నిన్నడిగానేటి?"

ఆర్డరు మీద నెట్టేస్తే అబద్ధమవుతుంది. నాకూ కసి ఉంది. రెండో సగంలో వించి డ్రైవరు బంతితో గోలు మీదికి ఎగిరాడు, చెయ్యి వెనక్కెళ్ళింది. వెనకనుంచి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. భుజంలో పుటుక్కుమంది. అమ్మో అని అరిచి మట్టిలో పడ్డాడు.

రిఫరీ విజిలేసి రెండు వేళ్ళు చూపించాడు. రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. దానికి అతను వేసిన శిక్ష అంతే. కూర్చున్నాను, లేచి మళ్ళీ ఆడాను. ఛీ, ఏం బతుకు! మర్నాడు ఎనిమిదికి వించి మీద వేరేవాడున్నాడు.

నవంబరులో డ్యూటీ ముగిసింది. ట్రంకుపెట్టెతో భీమిలి బస్సెక్కి కూర్చున్నాను. తర్వాతి స్టాపులో అతనెక్కాడు. సీటు లేదు. లేచి నిలబడ్డాను.

"కూకో బావా," అన్నాను.

"నువ్వే కూకో. డూటీ సేసొచ్చినోడివి," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

మధురవాడ దగ్గర బ్రేకు పడింది. అందరూ ముందుకు తూలారు. పైనున్న రాడ్డు పట్టుకోడానికి అతని కుడిచెయ్యి లేచింది. భుజం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.