డాక్టరమ్మ వైపు కాళ్లు

మా అత్తమ్మకు తుంటి ఎముక విరిగి, ఆపరేషనై ఇంటికి వచ్చాక, ఆమె చేత కసరత్తు చేయించే పని దవాఖానవాళ్లు ఫోన్‌కు అప్పజెప్పారు. శంషాబాద్ నుంచి సిటీలోని దవాఖానకు ఆమెను మాటిమాటికీ కారెక్కించి దించడం కన్నా, ఫిజియోథెరపీ డాక్టరమ్మే వీడియో కాల్‌లో మా ఇంటికి రావడం నయం అన్నారు. నాకూ అదే నచ్చింది. ఆరాంఘర్ దాకా రోడ్డు మీద ఉన్న ప్రతి గుంతలోనూ ఆ కాలు మళ్లీ విరిగినట్టు నేను ముందే ఊహించుకుని ఉన్నాను.

అత్తమ్మకు కావలసింది ఒక్కటే. "ఊరంత తిరుగకపోతే పాయె. బాత్రూంల తలుపేసుకొని ఒక్కదాన్నే కూసోవాలె." ఎందుకంటే, దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ నేనే ఆమెను లోపలికి పట్టుకుపోయి, తలుపు బార్లా తెరిచి, ఎదురుగా నిలబడుతున్నాను. నా కొంగు పట్టుకుని ఇంకా సరిగ్గా మాటలు రాని నా కూతురు. "ఇంకెవరన్న ఉంటె గూడ పిలువు, సూసి పోతరు" అనేది అత్తమ్మ.

మొదటి కాల్‌కు ఆమె ఇస్త్రీ చీర కట్టించుకుంది. తెర మీద డాక్టరమ్మ కనిపించగానే, "తిన్నవా బిడ్డా? ఏం కూర?" అని అడిగింది.

డాక్టరమ్మది కోస్తా వైపు మాట. "తిన్నానమ్మా, బెండకాయ వేపుడు. ఇప్పుడు మీరు పడుకుని పాదాలు నా వైపు పెట్టండి. పాదం పక్కకు వాలిపోతోందేమో చూడాలి."

అత్తమ్మ నా మొహం చూసింది. "ఏందీ? మాట్లాడే మనిషి దిక్కు కాళ్లు సాపాల్నా?"

"అది ఫోన్ అత్తమ్మా."

"ఫోన్ల మనిషి లేదా?"

నేను ఫోన్‌ను మంచం చివర కుర్చీకి ఆనించాను.

ఆమె ఫోన్ వైపు తల పెట్టి పడుకుంది. డాక్టరమ్మకు తెర నిండా తెల్లటి కొప్పు. నేను ఫోన్ పట్టుకుని కాళ్ల వైపు పోతే, చీరతో పాదాలు కప్పేసుకుంది. "అంచు చాలా బాగుందమ్మా, కాలే కనపడట్లేదు" అంది డాక్టరమ్మ. తర్వాతి కాల్‌లోనూ ఇంతే. ఆ పైదానిలోనూ ఇంతే. చివరికి డాక్టరమ్మ నాతో విడిగా, ఇలాగే ఉంటే కాలు బిగుసుకుపోతుందనీ, ఒంటరిగా లేచి కూర్చునే బలం రాదనీ చెప్పింది.

"కాలెత్తకపోతే బాత్రూం తలుపు జన్మలో వేసుకోలేవట అత్తమ్మా" అన్నాను.

"నా తలుపుతోని నన్నే బెదిరిస్తున్నవా?" అంది, కాళ్లు ఇంకా దగ్గరికి తీసుకుంటూ.

మరుసటి కాల్‌లో తెర మీద మొహం లేదు. రెండు పాదాలున్నాయి.

"అమ్మా, నేనూ పడుకున్నాను. నా కాళ్లూ మీ వైపే ఉన్నాయి. ఇప్పుడు ఒకరినొకరం తప్పు పట్టుకునేది లేదు" అంది డాక్టరమ్మ గొంతు.

అత్తమ్మ కళ్లద్దాలు తెమ్మంది. తీరిగ్గా చూసింది. "మడిమెలు పగిలినయ్ బిడ్డా. వెన్న రాయి. మెట్టెలు గూడ లేవు, పెండ్లి గాలేదా?"

"మీరు కాలెత్తితే చెప్తాను."

ఎత్తింది! ఫోన్ దిక్కే, చీర తప్పించి మరీ. సరిగ్గా అప్పుడే మా ఇంటి కప్పు మీదుగా విమానం దిగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఏమందో ఎవరికీ వినపడలేదు. అత్తమ్మ కాలు వణుకుతూ గాల్లోనే ఉంది. నేను కింద చేయి పెట్టబోతే "జరుగు" అని ఉరిమింది.

చప్పుడు తగ్గాక డాక్టరమ్మ అరుపు వినిపించింది. "దించండమ్మా! అంతసేపు ఎందుకు ఉంచారు?"

"నువ్వు జెప్పకుంట ఎట్ల దించుత?"

ఆ రోజు నుంచి రోజూ కాలెత్తింది. పెళ్లి కబురు మాత్రం డాక్టరమ్మ విడతలు విడతలుగా చెప్పింది, కాలెత్తినప్పుడల్లా ఒక విడత.

వాకర్ పట్టుకుని నడిచే రోజులు వచ్చాయి. నేను వెనుక నుంచి ఆమె నడుము రెండు చేతులా పట్టుకునేదాన్ని. "ఆవిణ్ణి వదలాలండీ, పక్కన ఉంటే చాలు" అనేది డాక్టరమ్మ.

"నన్ను పట్టుకున్నదా, నన్ను పట్టుకొని తనే నిలబడ్డదా, జర నువ్వే సూడు బిడ్డా" అనేది అత్తమ్మ.

నా వేళ్లు విడిపించడానికే ఎక్కువ రోజులు పట్టింది.

బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించాక, గడియ మాత్రం పెట్టకూడదన్న షరతు మీద, ఆమె ఒక్కతే లోపలికి పోవడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. అత్తమ్మ వాకర్ జరుపుకుంటూ లోపలికి పోయింది. తలుపు తనే దగ్గరికి వేసుకుంది. నేను బయట నిలబడ్డాను.

"అత్తమ్మా?"

"ఊఁ."

"అత్తమ్మా, కడ్డీ పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"అత్తమ్మా?"

"పిల్లా! నువ్వు గట్ల దర్వాజ కాడ నిలబడి పిలుస్తుంటే నాకొస్తదా?"

పాపను చంకనేసుకుని హాల్లోకి పోయాను. టీవీ పెట్టి, సౌండ్ పెంచాను.