సగంలో ఆపిన సినిమా

మైథిలి టీచరుకు కంగారు పుట్టుకతో వచ్చింది. తెనాలిలో ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి చూసుకుంటే గానీ రేపల్లె రైలెక్కదు. అలాంటి మనిషి, రేపల్లెలో తను పనిచేసే హైస్కూల్లో సినిమాలు చూపించి చరిత్ర చెబుతానని ముందుకు రావడమే విడ్డూరం. తొమ్మిదో తరగతిలో ఇష్టమున్నవాళ్ళు చేరే క్లాసు అది. ముందు సీను చూపించడం, ఆపడం, ఆ తరవాత అందులో ఏది జరిగిందో, ఏది కల్పనో చెప్పడం ఆవిడ పద్ధతి.

ఆ శుక్రవారం ఉప్పు సత్యాగ్రహం మీద తీసిన సినిమా పెట్టింది. అందులో ఊరి మునసబు సత్యాగ్రహుల్ని పోలీసులకు పట్టిస్తాడు. పిల్లలు పళ్ళు నూరారు. ఆయన అలా చేయలేదని చెప్పబోయేలోగా గంట కొట్టేశారు. సరే, సోమవారం చెప్పొచ్చులే అనుకుంది.

ఆ మునసబు ఆ క్లాసులోనే ఉన్న ఝాన్సీకి ముత్తాత. సినిమావాళ్ళు ఇంటిపేరుతో సహా అసలు పేరే ఉంచేశారు. పిల్లలు ఇట్టే పట్టేశారు గానీ టీచరుకే ఆ సంగతి తట్టలేదు. శనివారం ఝాన్సీ బడికి రాలేదు.

"నిన్న అందరూ 'ఏయ్ మునసబూ' అని ఏడిపించారంటండి. ఇంక బడికి రానని బాపట్లలో వాళ్ళ తాతగారింటికి వెళ్ళి కూర్చుంది," అని తల్లి ఫోన్లో చెప్పింది. ఆ పూట మైథిలికి అన్నం సహించలేదు.

ఆదివారం బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. తలుపు తీసిన తాత వీరరాఘవయ్య కోప్పడలేదు. దాంతో ఆవిడకి ఇంకా భయం పట్టుకుంది.

"మా నాన్న ఆ ఉద్యోగం వదిలేసి జైలుకెళ్ళాడమ్మా. ఆ సినిమా నేనూ హాల్లో చూశాను. పక్కసీట్లో వాళ్ళు ఆయన్ని తిడుతుంటే ఏం చేస్తాను, లేచొచ్చేశాను," అన్నాడాయన.

ఝాన్సీ గది గుమ్మంలో నిలబడి అడిగింది. "అది అబద్ధమని మీకు ముందే తెలుసు కదండి టీచర్. మరి చెప్పకుండా మమ్మల్ని ఇంటికెందుకు పంపించారు?"

మైథిలి కూడబలుక్కున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. "తప్పు నాదేనమ్మా. రేపు సినిమా పెట్టను, ఆయన సంగతే చెబుతాను. నువ్వు రా," అంది.

సోమవారం ఝాన్సీ వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. మైథిలి పీరియడంతా మునసబు జైలుకెళ్ళిన సంగతే చెప్పింది. పిల్లలు కిక్కురుమనలేదు. విన్నారో, విసుగెత్తిందో ఆవిడకి అంతుబట్టలేదు. అసలు చరిత్రలో పాటలుండవు, ఫైట్లుండవు మరి.

గంట కొట్టాక వరండాలో వెళుతున్న ఝాన్సీని వెనకనుంచి ఎవరో పిలిచారు.

"ఏయ్ మునసబూ."

మైథిలి గబగబా అటు అడుగేసింది. ఝాన్సీ ఆగింది. వెనక్కి తిరిగింది.

"మునసబు గారు అనాలి," అంది.