ఒక్కపొద్దు నాటి మెడికల్

మా బాపు అరబ్బు దేశంలో, ఘాలా అనే చోట ఒక గ్యారేజీకి స్టోర్ కీపర్. ఆయిల్ డబ్బాల మధ్య బతికిన మనిషి. కొడుకు విమానం నడుపుతానంటే ముందు నవ్వాడు, తర్వాత భయపడ్డాడు, ఆఖరికి దార్సైట్‌లో మా బిల్డింగంతా చాటింపు వేశాడు. నేనింకా ఒంటరిగా ఎగరనే లేదు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ లేకుండా గాల్లోకి లేవాలంటే స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి దరఖాస్తు పెట్టాను. అన్నీ అయ్యాయి, మెడికల్ ఒక్కటే మిగిలింది.

నాకు ఇరవై ఒకటి నిండబోతున్నాయి. ఆ వయసు దాటితే కొడుకులకు తండ్రి వీసా చెల్లదు. సోలో చేసి చూపిస్తే ఫ్లయింగ్ క్లబ్బువాళ్లే హ్యాంగర్‌లో పనిచ్చి తమ వీసా మీద పెట్టుకుంటామన్నారు. లేదంటే మూటాముల్లే సర్దుకోవడమే.

అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. డాక్టరు శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. శనివారం మాకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం.

"ఇయ్యాల్టికన్న పోరన్ని ఇంత తిని పోనియ్యరాదు" అంది అమ్మ.

"ఇన్నేండ్లు పట్టి, అక్కెర వడ్డనాడే ఇడుస్తమా?" అన్నాడు బాపు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాటే నచ్చింది. దేవుడితో కూడా బేరాలే కదా మావి. ఇద్దరం ఖాళీ కడుపులతో టాక్సీ ఎక్కి రూవీలోని క్లినిక్‌కి వెళ్లాం.

డాక్టరు మన దేశం వాడే, హిందీ మనిషి. కళ్లు బాగున్నాయన్నాడు, చెవులు బాగున్నాయన్నాడు. తర్వాత రక్తం తీశారు. సూది బయటికి రాకముందే గోడ పక్కకి ఒరిగింది. కళ్లు తెరిచేసరికి నేల మీదున్నాను. నర్సు నా కాళ్లు పైకెత్తి పట్టుకుంది.

"ఏం తిన్నావు?" అని అడిగాడు డాక్టరు. ఉపవాసమని చెప్పాను. "బేవకూఫ్" అన్నాడు గానీ గొంతులో కోపం లేదు. గ్లూకోజు నీళ్లు తాగించి, "రేపు కడుపు నిండా తిని రా, మళ్లీ చూస్తాను. ఇది రాయనులే" అన్నాడు. బతికిపోయాననుకున్నాను.

నేను పడిన చప్పుడుకి బాపు అప్పటికే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. డాక్టరన్నది వినిపించుకోకుండా, ఆయన మొహం చూసి, కొడుక్కేదో పెద్ద రోగం అంటగడతారని హడలిపోయాడు. మావాళ్లకి కొత్త జబ్బంటే భయం, పాతదంటే ధైర్యం. "ఎప్పుడూ ఉండేదే" అన్నామంటే ఇక ఫికరు లేదని అర్థం.

"కుఛ్ నై సాబ్! ఐసాచ్ గిర్తా. బచ్‌పన్ మే షాదీ మే గిరా, దస్వీ మే భీ గిరా. దో మినిట్ మే ఉఠ్ జాతా" అన్నాడు. ఏం లేదు సారూ, వీడు ఇట్లాగే పడతాడు, చిన్నప్పుడు పెండ్లిలో పడ్డాడు, పదో తరగతిలోనూ పడ్డాడు, వెంటనే లేస్తాడు అని.

డాక్టరు పెన్ను తీశాడు. ఇంకెప్పుడైనా పడ్డాడా అని అడిగాడు. బాపు ఉత్సాహంగా గుర్తు చేసుకుంటున్నాడు. నేను కళ్లతో సైగ చేశాను. ఆయన నావైపు చూస్తేనా!

"ఆకలికి ఒక్కసారి పడితే వేరు. పదేపదే పడేవాణ్ణి ఆకాశంలోకి ఒక్కణ్ణే ఎట్లా పంపను?" అన్నాడు డాక్టరు. మెదడు పరీక్షలు చేయించి, స్పెషలిస్టు సరేనంటేనే మళ్లీ రమ్మన్నాడు. వాటికి నెలలు పడతాయి. నా వీసా అన్నాళ్లు ఆగదు. నోటికాడి ముద్ద జారిపోయింది.

టాక్సీలో బాపు నెమ్మదిగా, "నేనన్న మాటకేనా బిడ్డా?" అన్నాడు.

"మరెవరి మాటకి? నిన్నెవరు అడిగిండ్రు?" అని అరిచాను. ఒళ్లు మండిపోతోంది. ఆ క్షణంలో ఆయన మొహం చూడాలంటేనే అసహ్యమేసింది.

బాపు టాక్సీవాడి భుజం తట్టి బండి వెనక్కి తిప్పించాడు.

నన్ను వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరు గదిలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనకొచ్చిన హిందీలో, ఇందాక అబద్ధమాడానని, తన కొడుకు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పడలేదని చెప్పాడు. ఒక్కపొద్దు నాడు అబద్ధమాడని మనిషి, నాకోసం ఆడుతున్నాడు.

"తండ్రులు రెండోసారి వచ్చినప్పుడు ఇదే చెబుతారు" అన్నాడు డాక్టరు. కుర్చీ చూపించాడు. బాపు కూర్చోలేదు.

"కసమ్ సే సాబ్. బచ్చే కీ కసమ్" అంటూ ఒట్టు పెట్టడానికి నా తల మీదికి చేయి చాపాడు. చేయి నా జుట్టు దాకా వచ్చి ఆగిపోయింది. అబద్ధపు ఒట్టు బిడ్డకి తగులుతుంది. ఆ చేయి ఎంతకీ కిందికి దిగడం లేదు.

డాక్టరు ఆ చేతి వైపే చూశాడు. ఇందాక రాసిన కాగితం అట్లాగే ఫైలులో పెట్టి మూశాడు.