కత్తెర పడని కాకతీయ రాజ్యం

దుమ్ముగూడెం దాపున ఉన్న బాలికల పాఠశాలలో కుట్టుపని నేర్పే భీమయ్య సారుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: రాజుల కాలం నాటకమనగానే ఆయన కత్తెర పట్టడు. తక్కిన రోజుల్లో జాకెట్లూ లంగాలూ చకచకా కత్తిరించి పడేసే ఆ చెయ్యే, నాటకానికి గుడ్డ వచ్చిందంటే చాలు, కత్తెరను పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుంటుంది. ఇక ఆ తాళంచెవి ఇమ్మని అడగగల ఉపాధ్యాయురాలు లోకంలో ఉండదు గదా!

నాటకాలు నేర్పే రాజ్యశ్రీ టీచర్‌కు ఇది కంటిలో నలుసు. సత్తుపల్లి నుంచి ఉద్యోగానికొచ్చిన ఆమెకు అసలే ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు లేదు. పాఠం చెబుతూ నడుస్తుంది, అన్నం తింటూ నడుస్తుంది. నాటకాల కాలం వచ్చిందంటే కాలుగాలిన పిల్లే.

"సార్, రాజుల కాలంలో కత్తెర లేదా?" అని అడిగిందొకసారి, కుట్టుమిషను చుట్టూ తిరుగుతూ.

"ఎందుకు లేదు? ఉంది. గొర్రెల బొచ్చుకు."

"మరి మంత్రిగారికి చొక్కా ఎలా?"

"గుడిగోడల మీద బొమ్మలు చూసినవా టీచరమ్మా? ఒక్కదానికన్న కాలరుందా? గుండీ ఉందా? నిండు గుడ్డ కట్టిన్రు, కుచ్చిళ్లు పోసిన్రు, ఏలిన్రు. గుడ్డను ముక్కలు చేసినోడెవడు రాజ్యమేలిండో చెప్పు!"

అలా సాగేది ఆయన శాస్త్రం. రాణికి నిండు చీర, సేనాపతికి నిండు పంచె. కుచ్చిళ్లు పోసి, జరీ పట్టీ ఆనించి, వేలెడంత పొడవున టాకాలు, అంటే పైపై కుట్లు, వేసేవాడు. దారం చివర ముడి మాత్రం వేసేవాడు కాడు. ఎక్కడైనా ఒక కొస పట్టి లాగితే సింహాసనం మొదలు సేనావాహిని దాకా సర్వమూ విడిపోయి మామూలు బట్టల దుకాణమయ్యేది.

పర్ణశాల ఉత్సవాల్లో ఒకసారి అంతపనీ జరిగింది. సేనాపతి వేషం కట్టిన సంగీత కత్తి దూయగానే గోదావరి గాలి విసురుగా వచ్చింది. పంచె సగం విడిపోయి తెరచాపలా లేచింది. ఆ పిల్ల కుడిచేత్తో కత్తి ఎత్తి, ఎడమచేత్తో నడుము దగ్గర గుడ్డ ఒడిసిపట్టి, "శత్రువులు మన పొలిమేర దాటినారు మహారాణీ!" అని గర్జించింది. మహారాణి ఎడమచెయ్యీ నడుము మీదనే ఉంది. మంత్రిదీ అంతే. నాటి నుంచి ఆ చుట్టుపక్కల పిల్లలు రాజు ఆట ఆడితే ముందు ఎడమచెయ్యి నడుముకు పోతుంది, కిరీటం సంగతి తరువాత.

పోనీ, పాత వేషాలైనా సరిచేసి వాడుకుందామంటే అవీ మిగలవు.

"నిరుటి చీర ఏది సార్?"

"ఎలుకలు కొట్టినయ్."

"అంతకుముందుది?"

"అదీ ఎలుకలే. అడివి దగ్గర గద, మస్తు ఎలుకలు."

బీరువాలోని పాత దినపత్రికలను ముట్టని, సుద్దముక్కల డబ్బాను ముట్టని, జరీ అంచు చీరలు మాత్రమే ఆరగించే ఆ ఎలుకల అభిరుచికి రాజ్యశ్రీ ఆశ్చర్యపోయేది.

రెండువేల ఆరులో జిల్లా నాటక పోటీలకు ఖమ్మం నుంచి పిలుపు వచ్చింది. ప్రధానోపాధ్యాయుడు వెంకటనారాయణ గారు ఆమెను గదిలోకి పిలిచారు.

"చూడండమ్మా, పర్ణశాలలో మనవాళ్లే కాబట్టి నవ్వి ఊరుకున్నారు. ఖమ్మంలో ఒక్క గుడ్డ జారినా సరే, వచ్చే ఏడు నుంచి మన బడిలో నాటకం లేదు. పిల్లలకు మీరే చెప్పుకోండి."

కాకతీయ రాణి వేషం కట్టబోయే రూప్లికి ఆ మాట చెప్పడమెలా? తండా నుంచి బడికి వచ్చే దారి పొడవునా ఆ పిల్ల మేకలను సామంతులను చేసి సంభాషణలు వల్లిస్తోంది. రాజ్యశ్రీకి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు టిఫిన్ డబ్బాలో అన్నానికి బదులు కత్తెర పెట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం భీమయ్య సారు పిన్నీసులు కొనడానికి బజారుకు వెళ్లాడు. ఆమె ఆకుపచ్చ చీరను బల్లపై పరిచింది. ఇక్కడ తెగ్గోసి, అక్కడ జాకెట్టులా కలిపి, మిషను మీద బిగించి కుట్టేస్తే బ్రహ్మదేవుడు లాగినా ఊడదు. ఎర్రంచు మీద కత్తెర నోరు తెరిచిందో లేదో, గుమ్మం దగ్గర కేక వినిపించింది.

"వద్దు టీచర్! గా చీర మా అమ్మది!"

రూప్లి పరుగెత్తుకొచ్చి చీర మీద బోర్లా పడిపోయింది.

"మీ అమ్మదేంటే? మొన్ననేగా భద్రాచలంలో కొన్నది?"

"నాటకమైనంక మా అమ్మదైతది. నిరుటి పంచె సంగీతోళ్ల నాయన కట్టుకుంటుండు. 'బీరువాల జాగ లేదు, పాత వేషాలు ఎవలికి కావాలె, తీస్కపోండ్రి' అని సారే తిట్టి ఇస్తడు."

"తిట్టడం ఎందుకే?"

"ఊకె ఇస్తే మా అమ్మ తీస్కోదు టీచర్. పాత వేషమంటే తీస్కుంటది."

రాజ్యశ్రీ మొదటిసారిగా ఒకచోట కదలకుండా నిలబడింది. అంత పెద్ద ఎలుక ఇంతకాలం తన కళ్లముందే కుట్టుమిషను తొక్కుతూ ఉంది!

"మరి వేదికమీద ఎడమచెయ్యి నడుము మీద ఎందుకే? గుడ్డ జారుతుందనేనా?"

"నాడు సంగీతదే జారింది. మేము అంచు ఎత్తి పట్టుకుంటం. మట్టి తగిలితే ఎట్ల? అమ్మ కట్టాలె గద!"

అంతలో భీమయ్య సారు వచ్చాడు. ఆయన చూపు కత్తెర మీద ఆగింది.

"గిదేంది టీచరమ్మా?"

"గోళ్లు తీసుకుంటున్నాను సార్."

"గంత కత్తెరతోనా? గవి గోళ్లా, నాగలి కర్రులా?"

ఆమె కత్తెరను డబ్బాలో పెట్టి మూత బిగించింది. "సార్, చీర కింద గట్టి నాడా ఒకటి నడుముకు కట్టి, జంట దారంతో దగ్గర దగ్గర టాకాలు వేసి కుచ్చిళ్లను దానికే బిగిద్దాం. గుడ్డ తెగదు, జారదు. కానీ చివర ముడి వేయాలి."

"ముడా?" ఆయన ముఖం ముడుచుకుపోయింది. "ముడి వేస్తే మళ్ల..."

"నేనే విప్పుతాను సార్. గుడ్డకు చిరుగు పడకుండా."

భీమయ్య సారు ఆమెను చూశాడు, రూప్లిని చూశాడు. సూదిలోకి జంట దారం ఎక్కించాడు.

ఖమ్మంలో ఒక్క గుడ్డా జారలేదు. అయినా కాకతీయ సభ యావత్తూ ఎడమచెయ్యి నడుము మీది నుంచి తీయలేదు. న్యాయనిర్ణేత ఒకాయన ముచ్చటపడిపోయి, "ఆ రాజసం, ఆ భంగిమ! ఏ శిల్పంలో చూశారండీ?" అని అడిగాడు.

"ఉంటది సార్," అన్నాడు భీమయ్య సారు గంభీరంగా. "చూసెటోనికి కనవడుతది."

రెండో బహుమతి వచ్చింది. వెంకటనారాయణ గారు వచ్చే ఏటి నాటకానికి అప్పుడే పేరు వెతకసాగారు. తిరుగు బస్సులో పిల్లలు నిద్రపోతుంటే, రాజ్యశ్రీ ఆకుపచ్చ చీరను ఒళ్లో వేసుకుని తలపిన్నుతో ముడులు విప్పుతోంది. పక్క సీట్లో భీమయ్య సారు సేనాపతి పంచె పట్టుకుని కూర్చున్నాడు. కత్తెర ఇంకా పెట్టెలోనే ఉంది, తాళంచెవి మొలతాడుకే ఉంది.

"సార్, ఈసారి ఎలుకలు ఎప్పుడొస్తున్నాయి?" అని అడిగిందామె, తల ఎత్తకుండానే.

"వచ్చినయ్ గద," అన్నాడాయన, ముడిని పళ్లతో పటుక్కున కొరుకుతూ. "ముడులే జర గట్టిగున్నయ్."