బాబాయి బస్తాల తేదీ

ఇవాళ పొద్దున మా తమ్ముడి కూతురు మా బాబాయి పాత ఫోటోని ఫోనులోకి ఎక్కించి, మసకగా ఉందని కాస్త వెలుగు పెంచి నా చేతికిచ్చింది. కింద తేదీ చూద్దును కదా, ఇవాళ్టిదే! ఎన్నేళ్లనాటి కోపమో ఒక్కసారిగా నెత్తికెక్కింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రోజూ నందిగామ నుంచి బస్సులో జగ్గయ్యపేట వెళ్లి, ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ చూసేదాన్ని. రైతు పేరు, బస్తాలు దించిన తేదీ, ఏ గదిలో పెట్టారో అన్నీ చూపించే ప్రోగ్రాం రాసింది కూడా నేనే, ఆ గర్వం కొంచెం ఎక్కువే ఉండేది లెండి. అక్కడి కట్టుబాటు ఒక్కటే, ముందు దించినవాడి సరుకు ముందు బయటికి. ఒకసారి రెండో గదిలోని బస్తాలను మూడో గదికి చేరిస్తే, నేనూ బుద్ధిగా గది నంబర్లు మార్చాను. అంతే, ఆ బస్తాలన్నీ ఆ రోజే దించినట్టు తేదీలు మారిపోయాయి! దాంతో మొదటి గదిలో ఉన్న మా పెనుగంచిప్రోలు బాబాయి బస్తాలు వరసలో ముందుకొచ్చి కూర్చున్నాయి.

ఇంకేముంది, సొంతవాళ్ల కోసం తేదీలు దిద్దానని యజమాని రైతులందరి ముందూ నన్ను నిలదీసి, తప్పు ఒప్పుకుని కాగితం రాసి వెళ్లిపొమ్మన్నాడు. చస్తే రాయనన్నాను. ఉద్యోగం పోతే పోయింది, దొంగననిపించుకుని ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? అన్నం మానేసి వెతికితే మధ్యాహ్నానికి దొరికింది: దించిన తేదీకి నేను వాడిన ఆ టైమ్‌స్టాంప్ గడి, పక్కన ఏ వివరం మారినా అడక్కుండానే అప్పటి తేదీ వేసుకుంటుందట. పుస్తకంలో ఉంది, నేనే చదవలేదు. తప్పు నాదే, దొంగతనం మాత్రం నాది కాదు.

యజమానిని పిలిచి కూర్చోబెట్టి, కంప్యూటర్లో ఆయన సొంత సరుకు వివరాల పక్కనున్న ఫోన్ నంబరులో ఒక్క అంకె మార్చాను. ఆయన కళ్లముందే తేదీ మారిపోయింది.

"మరి మీ బస్తాల తేదీ ఎవరి కోసం మార్చానండీ?" అన్నాను.

ఆ కాగితం మాట అక్కడితో వదిలేశాడు. క్షమించమని మాత్రం అనలేదనుకోండి. బస్తాలు దించిన రోజునే అక్కడి గుమాస్తాగారు చేత్తో రాసుకున్న రిజిస్టరు ముందేసుకుని, తనంతట తాను మారని గడిలోకి తేదీలన్నీ మళ్లీ ఎక్కించాను.

బాబాయి మాత్రం చిన్నబుచ్చుకుని, "నా మూలంగా నీకు మాటొచ్చిందమ్మా, నా బస్తాలు చివర్నే తీసుకుంటాలే" అన్నాడు. నీ వంతు నువ్వు వదులుకుంటే వాళ్లన్నది నిజమైపోదూ అని పోట్లాడి, ఆయన వంతు రోజున పక్కనే నిలబడి బస్తాలు లారీకెత్తించాను.

ఇప్పుడా రిజిస్టర్లూ లేవు, బాబాయీ లేడు. ఫోను ఏది చెబితే అదే తేదీ. ఫోటో వెనక ఆయన చేత్తో రాసిన అసలు తేదీ చూపించి పిల్లని కేకలేద్దామనే నోరు తెరిచాను. తీరా చూస్తే, ఆయన ఇవాళ పొద్దున ఫోటో దిగాడంటోంది ఫోను. అబద్ధమని తెలిసీ, ఈ ఒక్క తేదీని దిద్దమనడానికి నాకు నోరు రాలేదు.