చిలకమ్మ మూడో పొద్దు

నేను పాఠాలు చెప్పే ఫార్మసీ కాలేజీ ముందు గడ్డి కోసే యంత్రం తిరిగిన రోజు నా గది కిటికీ మూసేస్తాను. గడ్డిలో కలిసి పెరిగిన గాయపాకు కూడా నలిగి, ఆ పచ్చి వాసన మేడ మీదికి వచ్చేస్తుంది. దుమ్ము పడదని తోటివాళ్లకు చెప్పి ఉంచాను. అబద్ధం. ఆ వాసన తగిలితే చిలకమ్మ కాలు కళ్లముందుకొస్తుంది.

టైడా స్టేషన్‌లో దిగి గంటసేపు కొండెక్కితే వచ్చే ఊళ్లో చిలకమ్మ ఆకుమందు వేసేది. ఆమె వాడే గాయపాకు రసం నిజంగా పుండు మాన్పుతుందో లేదో తేల్చడం పరిశోధన రోజుల్లో నా పని. మొదటిసారి వెళ్లినప్పుడు నా చేతిలో నోట్‌బుక్కు, తలలో బోలెడంత గర్వం. కాఫీ తోటలో పిక్క మీద కత్తి దిగిన మనిషి ఒకడు ఆమె అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఊరి జనం. చిలకమ్మ కట్టు విప్పింది, పుండు అంచు చూసింది, వంగి వాసన చూసింది.

"మూడో పొద్దు అయిపోనాది. అంచు దగ్గరపడనేదు. నా ఆకు నీకు పనిసెయ్యనేదురా. బేగి ఆసుపత్రికి ఎల్లు."

అతన్ని పంపించేశాక ఉండబట్టలేక అడిగాను. "అంతమంది ముందు పనిచెయ్యలేదని చెప్పేశారు, చిన్నతనంగా లేదా మామ్మా?"

"సిన్నతనం ఏటి గుంటా? నేను దాస్తే ఆడి కాలు పోద్ది" అని మళ్లీ ఆకు నూరుకోవడంలో పడింది. మూడు పొద్దులు చూడటం, తేడా లేకపోతే పంపేయడం, అదీ ఆమె పద్ధతి. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. రాసుకోవడం వరకే.

మా ప్రయోగశాలలో ఎలుకల వీపుల మీద చిన్న గాయాలు చేసి, సగం వాటికి ఆకురసం కలిపిన లేపనం, సగం వాటికి ఉత్త లేపనం రాశాం. ఆకురసం రాసినవాటికి గాయాలు ముందుగా మానాయి. ఫొటోలు ఫోన్లో వేసుకుని పరుగున కొండెక్కాను. చిలకమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎలకలకి కట్లు ఎవులు కడతారు?"

"నేనే."

"మంచిపనే సేత్తన్నావు!" అని పకపకా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్లి, పట్నంలో పరీక్ష పెడితే తన ఆకు గెలిచిందని చెప్పుకుంది. వెనకాలే నేనూ మురిసిపోతూ తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఫోను ఆమె చేతికి ఇవ్వకుండా ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

తరువాత సుగరు జబ్బు తెప్పించిన ఎలుకల మీద చూశాం. వాటిలో ఆకురసానికీ ఉత్త లేపనానికీ తేడా ఏమీ లేదు. పుండ్లు అలాగే ఉండిపోయాయి. "పేపరు అచ్చయ్యేదాకా బయట అనకు" అన్నారు మా పరిశోధన గైడు. తప్పంతా ఆయన మీదికి నెట్టేయడం తేలికే. నిజానికి నాకే నోరు రాలేదు. గెలిచిందని ఊరేగి వచ్చినదాన్ని, ఓడిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అప్పటికి కొండ మీద కాఫీ పూతలో ఉంది.

మళ్లీ ఎనిమిది నెలలకు వెళ్లేసరికి కాఫీ పళ్లు కోస్తున్నారు. అరుగు దాకా రాకముందే గాయపాకు వాసన, దాని అడుగున మరో వాసన. చిలకమ్మ మంచం మీద ఉంది. కూతురు లచ్చిమి ఆమె కుడి పాదానికి చుట్టిన ఆకులు విప్పింది. బొటనవేలు నల్లబడి, ఆ నలుపు మడమ దాకా పాకింది. రాయి తగిలిన చిన్న దెబ్బట. మూడు వారాలైందట.

"మూడో పొద్దునే ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదు మామ్మా?" దాదాపు అరిచాను.

"మానడం నేదని తెలిసినాది. కానీ ఎలకలకి మానినాది గదా, నాకు మానదేటి అనుకున్నాను. నీ పరీచ్చ మీద నమ్మకం గుంటా."

మంచం పక్కన కూలబడి చెప్పాను, సుగరున్న ఎలుకలకు మానలేదని. ఆమెకు సుగరు ఉందేమోనని అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

"ఎప్పుడు తెలిసినాది నీకు?" లచ్చిమి అడిగింది.

"కాఫీ పూసినప్పుడు."

లచ్చిమి వాకిట్లో ఆరబోసిన ఎర్రటి పళ్ల వైపు చూసింది. చిలకమ్మ కళ్లు మూసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది.

"మాననేదని కూడా సెప్పాలి గుంటా. అదే ముందు సెప్పాలి."

డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. కర్రకు నేనూ భుజం పట్టబోతే లచ్చిమి నన్ను పక్కకు జరిపేసింది. పట్నం ఆసుపత్రిలో పరీక్ష చేస్తే సుగరు విపరీతంగా ఉందన్నారు. మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పటికే విషం ఒళ్లంతా ఎక్కిపోయింది. అయిదో రోజు చిలకమ్మ పోయింది.

ఇప్పుడు ఆ అరుగు మీద లచ్చిమి ఆకుమందు వేస్తోంది. పుండుతో ఎవరొచ్చినా ముందు సుగరు పరీక్ష చేయించుకు రమ్మంటుంది. నన్ను క్షమించావా అని నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. ఏడాది తిరిగాక తనే ఒక మాట అడిగింది. "ఇంకా ఎలకలకి కట్లు కడతన్నావా? అయితే ఏటి తేలినా తేలిన్నాడే సెప్పు."

నా విద్యార్థులకు నేనొక వింత మనిషిని. ఫలితం బాగుందంటే ఇంకోసారి చేసి చూపించమంటాను. బాగాలేదంటే వెంటనే లచ్చిమికి మెసేజీ పెడతాను. ఊళ్లో సిగ్నల్ అందదు కాబట్టి లచ్చిమి కొండ నెత్తికెక్కినప్పుడు అది చూసి తనే ఫోను చేస్తుంది. పలకరింపులేమీ ఉండవు.

"మాననేదా?" అంటుంది.

"మానలేదు" అంటాను.

ఆ మాట చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు. అయినా మూడో పొద్దు దాకా ఆగను.